గొంతు తగ్గిన చోట

మొఘల్‌పురా గల్లీలోకి మలుపు తిరగ్గానే లక్క కాగుతున్న వాసన ముక్కుకు తగిలింది. బొగ్గుల కుంపటి మీద లక్కముద్ద మెత్తబడుతుంటే వచ్చే వాసన అది. కొంచెం తియ్యగా ఉంటుంది, కొంచెం గొంతు పట్టేస్తుంది. అలవాటు లేనివాళ్ళు ముక్కు మూసుకుంటారు. నేను మాత్రం నడక ఆపి, గుండెలనిండా పీల్చుకున్నాను. మేనకోడలి పెళ్ళికి గాజులు తీసుకుందామని వచ్చినదాన్ని, నడిగల్లీలో కళ్ళనీళ్ళు పెట్టుకుని నిలబడిపోయాను. వెనక స్కూటరాయన హారన్ కొట్టీ కొట్టీ, ‘అమ్మా, జర పక్కకు జరుగు’ అన్నాక గానీ ఈ లోకంలోకి రాలేదు.

ఎదురుగా అదే ఇల్లు. కింద హమీద్ భాయ్ లక్కగాజుల కార్ఖానా ఇప్పటికీ నడుస్తోంది. పై అంతస్తులో ఇప్పుడెవరో ట్యూషన్లు చెబుతున్నారు. ఒకప్పుడు ఆ రెండు గదుల్లో మా న్యూస్ సైటు ఆఫీసు ఉండేది. నాకు పని నేర్పిన, అక్కా అన్నట్టు మేమంతా ఆపా అని పిలిచే కౌసర్ ఆపా ఆ ఇరుకు మెట్లు ఎక్కుతూ, ‘యా అల్లా, ఇవి కట్టినోనికి మోకాళ్ళు లేకుండెనా’ అని రోజూ తిట్టుకునేది. ఆపా పోయి చాలా కాలమేమీ కాలేదు. ఇంకాసేపు నిలబడితే దుపట్టా సర్దుకుంటూ పైనుంచి దిగి వస్తుందేమో అనిపించింది. రాదని తెలుసు. తెలిసీ నిలబడ్డాను.

సరిగ్గా అప్పుడే ఫోన్ మోగింది. నేనిప్పుడు పనిచేసేది ఊరికి ఆ కొసన, అద్దాల బిల్డింగులో ఉన్న ఒక పెద్ద సైట్లో. అక్కడి డెస్క్ నా చేతికింద ఉంది. సెలవు పెట్టినా హెడ్డింగులు నా ఫోన్‌కు రాక మానవు. ఒక అమ్మాయి వెంట ఒకడు నెలల తరబడి ఆన్‌లైన్‌లో పడ్డాడు. ఆమె వాణ్ణి బ్లాక్ చేసింది. వాడు ఇంటికొచ్చి ఆమెను చంపేశాడు. ఆ వార్తకు మా డెస్క్ వాళ్ళు పెట్టిన హెడ్డింగ్, ‘బ్లాక్ చేసిందని.. యువతి ప్రాణం తీసిన ప్రేమికుడు’. దాని కింద, ‘ఓకేనా మేడం? మిగతా సైట్లలో అప్పుడే వచ్చేసింది’ అని తొందర. ఓకే కొట్టడానికి వేలు వెళ్ళింది. వెళ్ళి ఆగింది. నా వేలిని అక్కడ ఆపిన మనిషి గురించి చెప్పాలి. మీరెవరూ ఆమెను చూసి ఉండరు. చూసి ఉంటే నాకు ఇంత చెప్పుకొచ్చే పని ఉండేది కాదు.

కౌసర్ ఆపా పొట్టి మనిషి, బొద్దుగా ఉండేది. కళ్ళజోడు నెత్తి మీదికి తోసుకుని, మళ్ళీ అదే కళ్ళజోడు కోసం టేబులంతా వెతికేది. సొరుగులో ఎప్పుడూ పుట్నాలూ బెల్లమూ ఉండేవి. మెచ్చుకున్నా ఒక గుప్పెడు చేతిలో పోసేది, తిట్టినా ఒక గుప్పెడు పోసేది. వాళ్ళ అమ్మీది పాలమూరు దిక్కు కావడంతో ఆపాకు ఉర్దూ ఎంత వచ్చో తెలుగూ అంతే వచ్చు. కోపం వచ్చినప్పుడు మాత్రం రెండూ కలిసి పారేవి. ఏళ్ళ తరబడి పేపర్ డెస్కుల్లో పనిచేసి, ఆ పేపరు కాస్తా మూతపడితే, మా సైటుకు డెస్క్ ఇన్‌చార్జిగా వచ్చింది. నేను కొత్తగా చేరినప్పుడు, ‘మీ బాపు ఏం చేస్తడు’ అని అడిగింది. పురానాపూల్ దగ్గర కొబ్బరికాయల హోల్‌సేల్ దుకాణం అన్నాను, కొంచెం సిగ్గుపడుతూనే. ఆమె ముఖం వెలిగిపోయింది.

"అరె, అయితే నీకు పని సగం వచ్చినట్టే. మీ బాపు కాయను చెవి కాడ పెట్టి మోగిచ్చి చూస్తడు గద. ఈడ హెడ్డింగును గట్లనే మోగిచ్చి చూడాలె. కంటికి అన్ని కాయలు ఒక్కతీరే ఉంటయి బేటా."

ఆ మాట నాకు ఆ రోజు అర్థం కాలేదు. నవ్వి ఊరుకున్నాను. తర్వాత ఆమె పద్ధతి చూశాక తెలిసింది. ఆడవాళ్ళ గురించి ఏ వార్త పెట్టాలన్నా, అది ఎవరి గురించో ఆ మనిషికి ఫోన్ కలపాలి. రాసినవాళ్ళే, స్పీకర్ పెట్టి, డెస్కంతా వింటుండగా, హెడ్డింగూ మొదటి నాలుగు వాక్యాలూ గట్టిగా చదవాలి. అది పర్మిషన్ అడగడం కాదు. తప్పు చేసిన ఆడమనిషి వార్తయినా చదవాల్సిందే. ఆమెకు నచ్చకపోయినా, నిజమైతే వార్త వెళ్ళేది. ఆపా చెవి పెట్టేది అవతలి మనిషి మాట మీద కాదు, చదువుతున్నవాళ్ళ గొంతు మీద. ఎక్కడ తగ్గితే అక్కడ పట్టుకునేది. ‘గొంతు తగ్గింది. మార్చు’ అనేది. అంతకుమించి పాఠాలు చెప్పేది కాదు.

మా శ్రీకాంత్ సంగతి చెబితే మీకూ నవ్వొస్తుంది. డెస్క్‌లో వాడంత జోరుగా హెడ్డింగులు కొట్టేవాడు లేడు. ఒకసారి ఎవరో టీచరమ్మ బడిలో బాత్రూములు ఎట్లా ఉన్నాయో వీడియో తీసి పెడితే, దాని కింద మగానుభావులంతా చేరి ఆమె చీర గురించీ నడుము గురించీ నానా కూతలు కూశారు. మావాడు దానికి ‘రెచ్చిపోయిన టీచరమ్మ.. ఆడుకున్న నెటిజన్లు’ అని పెట్టాడు. పెట్టి, కాలు మీద కాలేసుకున్నాడు. ఆపా ఫోన్ కలిపి వాడి ముందుకు తోసింది. ‘రెచ్చిపోయిన’ దగ్గర వాడికి దగ్గు వచ్చింది. ‘ఆడుకున్న’ దగ్గర గొంతే పోయింది. అవతల ఆమె మెల్లగా, ‘నేనేమన్నాను సార్, నీళ్ళు రావట్లేదనే కదా అన్నాను’ అంది. శ్రీకాంత్ ఫోన్ పక్కన పెట్టి, చెమట తుడుచుకుని, అడగకుండానే హెడ్డింగ్ కొట్టేసి మళ్ళీ రాశాడు. ఆపా వాడి చేతిలో పుట్నాలు పోసి, ‘రాసేటప్పుడు పులి, చదివేటప్పుడు పిల్లి’ అని నవ్వింది. ఆ తర్వాత మేమంతా వాణ్ణి చాన్నాళ్ళు పిల్లీ అనే పిలిచాం.

మా సైటు ఓనర్ వినయ్ సార్‌కు ఈ పద్ధతి అంటే ఒళ్ళు మంట. చెడ్డవాడు కాదు పాపం, భయస్తుడు. మనం ఫోన్లు చేసి చదువుకుంటూ కూర్చునేలోపు పక్క సైట్లు వ్యూస్ అన్నీ ఊడ్చుకుపోతున్నాయని వాపోయేవాడు. తల పట్టుకుని మూలకు కూర్చున్న ఆడపిల్ల నీడబొమ్మ ఒకటి ఉంటుంది చూడండి, ఏ సైట్లో ఏ ఘోరం జరిగినా అదే బొమ్మ పెడతారు. దాన్ని ఆపా పెట్టనిచ్చేది కాదు. మూలకు కూర్చోబెట్టేది మనమే అనేది. ఆ బొమ్మ పెడితే జనం క్లిక్ చేస్తారని ఆయన, అందుకే వద్దని ఈమె. రోజూ ఇదే లొల్లి. చివరికి ఆయనే విసుక్కుంటూ కిందికి దిగి, హమీద్ భాయ్ దగ్గర కూర్చుని తన గోడు వెళ్ళబోసుకునేవాడు.

సంతోష్‌నగర్ మౌనిక సంగతి ఆ రోజుల్లోదే. మౌనిక పెళ్ళిళ్ళకు మెహందీ పెట్టే పిల్ల. తను వేసిన డిజైన్లు వీడియో తీసి ఇన్‌స్టాలో పెట్టేది. ఆ వీడియోల్లో చేతులే తప్ప ముఖం కనపడేది కాదు. పెళ్ళిళ్ళ వాళ్ళు అవి చూసి పిలిచేవారు. అట్లా బతుకుతున్న పిల్ల పేరుతో ఎవడో దొంగ అకౌంట్ తెరిచి, ఆమె సొంత ఫోటోలు పెట్టి, ఆమె నంబరు రాసి, పిలిస్తే వస్తుందన్నట్టు మాటలు రాశాడు. ఇక ఫోన్లే ఫోన్లు. పోలీసులకు చెప్పుకుంటే వాళ్ళు ఒకణ్ణి పట్టుకున్నారు. స్టేషన్ నుంచి రెండు ముక్కల సమాచారం వచ్చింది, ‘సోషల్ మీడియా వేధింపుల కేసులో ఒకరి అరెస్ట్’ అని. ఆ రెండు ముక్కలకు సైట్లన్నీ తలా ఇంత మసాలా కలిపాయి. రీల్స్ మోజు అన్నారు, ఇన్‌స్టా పరిచయం కొంపముంచిందన్నారు. ఆడపిల్లలకు ఫోన్ ఇస్తే ఇంతే అని కింద కామెంట్లు. మా శ్రీకాంత్ కూడా, పిల్లి కదా, కాస్త మెత్తగా ‘ఇన్‌స్టా పరిచయంతో చిక్కుల్లో యువతి’ అని రాశాడు. ఆపా ఫోన్ కలపమంది.

ఫోన్ ఎత్తింది ఆ పిల్ల కాదు, వాళ్ళ నాన్న యాదయ్య. ఆటో నడుపుతాడు. బిడ్డ ఫోన్ లాక్కుని తన దగ్గరే పెట్టుకుని, వచ్చిన ప్రతి ఫోన్‌నూ ఎత్తి బండబూతులు తిడుతున్నాడు. మాకూ ముందు అవే పడ్డాయి. మేము ఎవరమో ఆపా నెమ్మదిగా చెప్పాక శ్రీకాంత్ చదవడం మొదలుపెట్టాడు. ‘ఇన్‌స్టా పరిచయం’ అనగానే అటునుంచి, ‘మీరు గూడ గదే అంటున్నరు’ అని ఒక్క మాట వచ్చింది. తిట్టు కాదు. తిట్టే మేలనిపించింది. వెనక ఆటో ఇంజన్ మోగుతోంది. ఆపా కళ్ళజోడు దించి నా వైపు చూసింది. అది ఎట్ల పరిచయమో ఎవడన్నా ఆ పిల్లను అడిగిండా, నువ్వు పోయి అడుగు అంది.

పొద్దున్నే వెళ్ళాను. మౌనిక వాకిట్లో కూర్చుని, పనికిరాకుండా గట్టిపడిపోయిన మెహందీ కోన్‌లను ఒక్కొక్కటే చిదిమి పారేస్తోంది. పెళ్ళిళ్ళ సీజన్. ఫోన్ లేక ఒప్పుకున్న పెళ్ళిళ్ళన్నీ వేరేవాళ్ళకు పోతున్నాయి. ఇంకొన్నాళ్ళు ఇట్లాగే ఉంటే ఈ పని వదిలేసి ఇంట్లో కూర్చోవాల్సిందే, బాపు ఆ మాటే అన్నాడు అని చెప్పింది. అడిగితే అసలు సంగతి బయటికి వచ్చింది. ఇన్‌స్టా లేదు, పరిచయం లేదు, పాడూ లేదు. పగిలిన ఫోన్ అద్దం మార్చమని గల్లీ చివర రీచార్జి దుకాణంలో ఇచ్చింది. చిన్నప్పటి నుంచి తెలిసినవాడు, అన్నా అని పిలిచేది. రిపేరుకు పాస్‌వర్డ్ కావాలంటే చెప్పింది. వాడు ఫోన్‌లోని ఫోటోలన్నీ తీసుకున్నాడు. పోలీసులు పట్టుకున్నదీ వాణ్ణే, పేరు మాత్రం ఇంకా బయటికి చెప్పలేదు. ఇదంతా బాపుకు చెప్పలేదా అని అడిగాను.

"చెప్పిన అక్కా. నెత్తి నోరు కొట్టుకొని చెప్పిన. అన్నిట్ల ఇన్‌స్టా అని రాసి ఉన్నది, నువ్వు ఒక్కదానివి గిట్ల చెప్తున్నవేంది అన్నడు."

ఆ మాట ఇప్పటికీ నా చెవిలో ఉంది. కన్నబిడ్డ నోటిమాట కంటే ఎవడో ముక్కూ మొహం తెలియనివాడు కొట్టిన హెడ్డింగ్ ఎక్కువైంది ఆ తండ్రికి. ఆయన్ను కూడా ఏమనగలం. ఆయన ఫోన్‌కు రోజంతా వచ్చిపడుతున్నవి అవే. ఆఫీసుకొచ్చి ఒక్క ఊపున రాశాను. ‘రిపేరుకిచ్చిన ఫోన్‌లోంచి యువతి ఫోటోల దొంగతనం.. దొంగ అకౌంట్ తెరిచిన దుకాణదారు అరెస్ట్.’ యాదయ్యకు ఫోన్ కలిపి, ఊరంతా వినబడేట్టు చదివాను. గొంతు తగ్గే ప్రసక్తే లేదు. ఆటో పక్కకు తీసి ఇంజన్ ఆపిన చప్పుడు వినిపించింది. తర్వాత, ‘మల్లొకపారి చదువు బిడ్డా’ అన్నాడు. మళ్ళీ చదివాను. ఆయన ఏడుస్తున్నాడో, ఆయాసపడుతున్నాడో తెలియలేదు.

"నా బిడ్డ గూడ గిదే చెప్పిందమ్మా. నేనే ఇనలే. గది నా ఫోన్‌ల పంపియ్యుండ్రి, మా బస్తీల అందరికి చూపెడ్త."

పంపించాం. చూపెట్టాడు కూడా. బస్తీలో ఇంటింటికీ తిరిగి, ఏ ముఖాలైతే తన బిడ్డ గురించి గుసగుసలాడాయో ఆ ముఖాల ముందే లింక్ తెరిచి పట్టాడట. మౌనిక ఫోన్ మౌనిక చేతికి వచ్చింది. మర్నాడు ఆపాకు చెబితే పుట్నాల డబ్బా మొత్తం నా ముందుకు తోసింది. నాకు ఏ అవార్డూ అంత తియ్యగా ఉండదు.

ఆ వార్త మీద ఆపా పేరే వేశాం, నేను కొత్తదాన్ని కాబట్టి ఏ గొడవొచ్చినా తన మీదికి రావాలని ఆమే వేయించుకుంది. వచ్చింది గొడవ. దుకాణంవాడికి బెయిల్ వచ్చాక వాడి దోస్తులంతా ఆపా మీద పడ్డారు. ఆమె ఫోటోకు ఏవేవో అతికించారు, ఆమె వయసును అన్నారు, మతాన్ని అన్నారు. ఆ మాటలు ఇక్కడ రాయను. రాస్తే, ‘ఇది మీ అమ్మకు చదివి వినిపియ్యి’ అంటుంది ఆపా. ఇక మిగతా సైట్లు ఊరుకుంటాయా. ‘కౌసర్ ఏమన్నారు? నెటిజన్లు ఎందుకు మండిపడ్డారు?’ అని కథలు అల్లాయి. పదిమంది కలిసి ఒక ఆడమనిషిని బూతులు తిడితే దానికి మండిపడడమని పేరు. ఆ రోజు ఆపా ఎప్పటిలాగే పని చేసుకుంది. కాకపోతే ఫోన్ మోగిన ప్రతిసారీ చప్పున ఎత్తి చూసి, మళ్ళీ పెట్టేసేది. భయపడుతోందేమో అనుకున్నాను.

వినయ్ సార్ మనం కూడా ఒక వార్త పెడదామన్నాడు, మన మనిషే కదా, అందరూ చదువుతారని. రాసే పని నాకు పడింది. ఆపా సరేనంది, కానీ పద్ధతి పద్ధతే అంది. నేను ఆమెకు ఎదురుగానే కూర్చున్నాను. అయినా లేచి, మోకాళ్ళు పట్టుకుని మెట్లు దిగి, హమీద్ భాయ్ కార్ఖానాలో కూర్చుంది. నేను పైనుంచి ఫోన్ కలిపాను. ‘ట్రోలింగ్‌తో కుంగిపోయిన సీనియర్ జర్నలిస్టు’ అని చదువుతూ, ‘కుంగిపోయిన’ దగ్గరికి వచ్చేసరికి నా గొంతు ఎటు పోయిందో పోయింది. ఫోన్‌లోనూ మెట్ల మీదుగానూ ఒకేసారి ఆమె గొంతు వినిపించింది, ‘తగ్గింది. మార్చు. నేనేడ కుంగిన, పొద్దుగాల రెండు రొట్టెలు ఎక్కువనే తిన్న’ అని. డెస్కంతా నవ్వింది. నేను మార్చి, ‘మొఘల్‌పురా జర్నలిస్టుపై ఆన్‌లైన్‌లో మూకదాడి.. పోలీసులకు ఫిర్యాదు’ అని చదివాను. అప్పుడు ఆపా స్పీకర్ తీసెయ్యమంది.

"ఒక మాట చెప్పాల్నా శైలూ. పొద్దుగాల నుంచి చూస్తున్న. ఇంతమంది నా గురించి రాసిండ్రు గద, ఒక్కరన్న ఫోన్ చేసి నాకు చదివి వినిపిస్తరేమో అని. నువ్వొక్కదానివే చేసినవ్ బేటా."

ఆమె ఫోన్ మోగినప్పుడల్లా ఎందుకు ఎత్తి చూసిందో అప్పుడు తెలిసింది నాకు. కిందికి పరిగెత్తాను. కుంపట్ల మధ్య చిన్న పీట మీద కూర్చుని, హమీద్ భాయ్ చేసిన గాజును వేళ్ళ మధ్య తిప్పుతూ ఉంది. కళ్ళు ఎర్రగా ఉన్నాయి. ‘లక్క పొగ’ అంది, నేను అడగకముందే. ఎన్నేళ్ళో ఆ పొగలోనే బతికిన మనిషి.

కొన్నాళ్ళకు దుకాణంవాడి తరఫు పెద్దమనుషులు వినయ్ సార్‌ను కలిసి వెళ్ళారు. ఏమన్నారో తెలియదు. ఆయన మాత్రం ముఖం పాలిపోయి వచ్చి, మౌనిక వార్త పాతబడిపోయింది కదా, లింక్ తీసేస్తే అందరికీ ప్రశాంతంగా ఉంటుందన్నాడు. ఆపా నెమ్మదిగా అడిగింది, ఆ తండ్రి ఆ లింక్ బస్తీ అంతా చూపెట్టాడు, రేపు అది తెరవకపోతే అబద్ధం గాబట్టే తీసేశారంటారు, అప్పుడు ఆ పిల్ల ఫోన్ మళ్ళీ ఎవరి జేబులోకి పోతుంది అని. సార్ తల వంచుకున్నాడు. వాళ్ళకు లింక్ కంటే నీ మీదే కోపం ఆపా, నేనేం చెయ్యను అన్నాడు. ఆపా నెత్తి మీది కళ్ళజోడు తీసి మడిచింది.

"నా మీదనే గద కోపం. ఇగ నేను పోత. లింక్ ఉంచు. మాటియ్యి."

ఆయన మాటిచ్చాడు. ఇప్పటికీ ఆ మాట నిలబెట్టుకున్నాడు. సైటు ఎప్పుడో డీలా పడిపోయింది, ఆఫీసు ఎత్తేశారు, అయినా ఆ లింక్ తెరిస్తే తెరుచుకుంటుంది. మనసు బాగోలేనప్పుడు తెరిచి చూసుకుంటాను. ఆపా ఆ రోజు సొరుగులోని పుట్నాల డబ్బా నాకు ఇచ్చి, మెట్లను చివరిసారి తిట్టుకుంటూ దిగిపోయింది. పోవద్దు ఆపా అని నేనన్నానా, మనసులో అనుకున్నానా, గుర్తులేదు.

ఆమె ఇల్లు అక్కడికి రెండు గల్లీల అవతలే. నేను పెద్ద సైటుకు మారాక కూడా వెళ్తుండేదాన్ని. పెద్ద సైట్లో ప్రతి వార్తకూ ఫోన్ చేసి చదివే తీరికెక్కడిది. వీలైనప్పుడు చేసేదాన్ని. చేయలేనివి, ముఖ్యంగా మనిషే లేకుండా పోయిన వార్తలు, ఆపాకు చదివేదాన్ని. చనిపోయిన ఆడమనిషి గురించైతే ఎవరికి చదవాలని ఎప్పుడో అడిగితే, వాళ్ళ అమ్మకు చదువు, ఆ తల్లి వినే స్థితిలో లేకపోతే నాకు చదువు, నేనున్న గద అంది. ఖట్టీ దాల్ పోపు పెడుతూ ఒక చెవి నాకిచ్చి వినేది. ‘తగ్గింది’ అనేది. అన్నం తినేసి పో అనేది. కిడ్నీలు దెబ్బతిని మంచం పట్టాక కూడా చెవి మాత్రం అట్లాగే ఉంది. నువ్వు లేకపోతే ఎవరికి చదవాలి అని అడగలేదు. అడిగే మాటనా అది. ఆమె పోయినరోజు ఆ ఇంటి నిండా ఆడవాళ్ళే. వాళ్ళలో సగం మంది ఎవరో నాకు తెలియదు. ఒకామె, మా చెల్లె వార్త చదివి వినిపించింది ఈమెనే అని పక్కామెకు చెబుతోంది.

ఆమె పోయినప్పటి నుంచి చచ్చిపోయిన ఆడవాళ్ళ హెడ్డింగులు నాలో నేనే చదువుకుంటున్నాను. నాకు నేను చదువుకుంటే గొంతు తగ్గదు. అదే వచ్చిన చిక్కు. ఇప్పుడు ఈ గల్లీలో, ఈ వాసనలో నిలబడి, ఫోన్‌లో ఈ హెడ్డింగ్ పట్టుకుని, ఎవరికి చదవాలో తెలియక నిలబడ్డాను. ఆ పిల్ల తల్లికి ఈ పూట ఫోన్ చేయడమంటే పాపం. ఆపా నంబరు ఇంకా తీసెయ్యలేదు. దాని మీద వేలు పెట్టాను, తీశాను. చివరికి మౌనికకు చేశాను. ఎందుకు చేశానంటే చెప్పలేను. ఆ సమయంలో మనసులో మెదిలిన పేరు అదే.

ఏదో పెళ్ళివారింట్లో ఉంది. చేతులు ఖాళీ లేవు, ఎవరో ఫోన్ స్పీకర్‌లో పెట్టి పట్టుకున్నట్టున్నారు. వెనక ఆడవాళ్ళ నవ్వులు, గాజుల చప్పుడు. సంగతి చెప్పి, ఒక హెడ్డింగ్ చదువుతాను, వింటావా అన్నాను. ‘ఆగక్కా’ అని, అక్కడున్నవాళ్ళను జర సప్పుడు చెయ్యకుండ్రి అంది. నవ్వులు ఆగిపోయాయి. నడిగల్లీలో నిలబడి గట్టిగా చదివాను. హమీద్ భాయ్ కుంపటి దగ్గర నుంచి తలెత్తి చూశాడు. ‘బ్లాక్ చేసిందని.. యువతి ప్రాణం తీసిన ప్రేమికుడు.’

"ప్రేమికుడు అన్న కాడ నీ గొంతు తగ్గిందక్కా" అంది మౌనిక.

ఆపా మౌనికతో ఒక్కసారి కూడా మాట్లాడింది లేదు. గొంతు తగ్గడమనే ఈ మాట మౌనికకు నేను ఎప్పుడూ చెప్పిందీ లేదు. మా పాత ఆఫీసు మెట్ల మీద కూర్చున్నాను. డెస్క్ వాళ్ళకు కొత్త హెడ్డింగ్ కొట్టాను, ‘నెలలుగా వేధింపులు.. ఇంటికొచ్చి యువతిని చంపిన దుర్మార్గుడు’. పంపేముందు మౌనికకూ, ఆమె చుట్టూ చేతులు చాపుకుని కూర్చున్న ఆ ఆడవాళ్ళందరికీ మళ్ళీ చదివాను. ఈసారి గొంతు ఎక్కడా తగ్గలేదు. చివర్లో కొంచెం వణికింది గానీ, అది హెడ్డింగ్ తప్పు కాదు.